రంగం వెళ్లినవారు, మారిషస్‌లో మిగిలినవారు

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద తాళ్లరేవుకు ముందు కోరంగి తగులుతుంది. ఇప్పుడు అక్కడ ఆగేవాళ్లు మడ అడవుల్లో వేసిన చెక్క బాట మీద నడిచి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. రెండు వందల ఏళ్ల కిందట ఇది తూర్పు తీరంలో పేరున్న రేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలు బాగుచేసేవారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఊరిని ఊడ్చేశాయి. తుపానుకు ఇంగ్లీషులో 'సైక్లోన్' అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెన గురించి రాశాడు. తర్వాత మేట వేసి రేవు పూడింది, వ్యాపారం కాకినాడకు తరలింది. ఊరి పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగు కూలీ ఏ జిల్లావాడైనా సరే, అక్కడివాళ్లకు 'కోరంగీ'నే.

ఈ తీరం నుంచి జనం రెండు దిక్కులకు పోయారు. ఒకటి నైరుతి దిక్కున హిందూ మహాసముద్రంలోని మారిషస్. రెండోది తూర్పున బంగాళాఖాతం అవతలి బర్మా. పోయినవాళ్లలో ఎక్కువమంది భూమి లేనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు. వందేళ్లు గడిచేసరికి ఒక గుంపు వారసులు ఓటర్లు, టీచర్లు, చెరకు తోటల యజమానులు అయ్యారు. రెండో గుంపులో చాలామంది నెత్తిన మూట పెట్టుకుని అడవి దారిన నడిచి వెనక్కి వచ్చారు. ఇందులో ఎవరి కష్టం ఎక్కువ, ఎవరి తెలివి ఎక్కువ అన్న లెక్క పనికిరాదు. పని ఒప్పందం, వెంట వచ్చిన ఆడవాళ్లు, కొనుక్కోగలిగిన భూమి, చేతిలో ఉన్న కాగితం, తేడా అంతా వీటి దగ్గరే వచ్చింది.

బ్రిటిష్ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చాక మారిషస్ చెరకు తోటల దొరలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 'అట్లాస్' ఓడలో 36 మంది దిగారు. అంతకుముందే, 1820ల చివర, యానాం నుంచి ఫ్రెంచివారు తమ రీయూనియన్ దీవికి తెలుగువాళ్లను తీసుకెళ్లారు. అంటే గోదావరి జిల్లాలకు ఈ వ్యాపారం కొత్తది కాదు. 1843లో 'కోరింగా పాకెట్' అనే ఓడ కోరంగి నుంచి తెలుగువాళ్లను మారిషస్ చేర్చింది. అప్పటికి నందన నామ సంవత్సరపు కరువు జ్ఞాపకం పచ్చిగానే ఉంది, ఉప్పెన దెబ్బ ఇంకా మానలేదు, రాజమండ్రి జిల్లా చితికిపోయి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుకావడానికి ఇంకో నాలుగేళ్లు ఉంది.

మారిషస్ ఒప్పందం సాధారణంగా ఐదేళ్లది. నెలకు ఐదు రూపాయలు, బియ్యం, పప్పు, బట్టలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పందం పూర్తయినవాడు కూడా ఫొటో అంటించిన టికెట్టు జేబులో పెట్టుకోకుండా రోడ్డెక్కితే దిమ్మరి అని పట్టుకుని జైల్లో వేసేవారు. 1867 నాటి చట్టం దీన్ని మరీ బిగించింది. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడే విచారణ కమిషన్ వచ్చింది. తోటి దొరలు ప్లెవిట్జ్‌ని ప్రశాంతంగా ఉండనివ్వలేదు. అయినా తొమ్మిది వేల పైచిలుకు కూలీలు పేరు పెట్టి, మాకు అన్యాయం జరుగుతోందని రాజ్యాన్ని అడగడం చిన్న విషయం కాదు. అడగడానికి వాళ్లకంటూ ఒక దారి ఉంది. ఆ రాజ్యం రాసుకున్న లెక్కల్లో వాళ్లు ఉన్నారు.

అన్నీ రాసుకునేవారు. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. 1860ల నుంచి ఫొటోలు కూడా. పారిపోతే పట్టుకోవడానికి చేసిన ఏర్పాటు ఇది, దయతో చేసింది కాదు. కానీ దొరల పెత్తనం పోయాక ఆ పుస్తకాలే మనవలకు ఇంటి చరిత్ర అయ్యాయి. ఫ్రెంచిలో పేరు తెచ్చుకున్న మారిషస్ నవలా రచయిత్రి నతాషా అప్పన 2023లో వచ్చిన తన పుస్తకంలో, 1872లో తెలుగు నేల నుంచి ఆ దీవికి వచ్చిన తన పూర్వీకుల కథ రాసింది. అందులో కూలీ నంబర్లు కూడా కథలో భాగమే.

మారిషస్‌కు 1834 నుంచి 1910 వరకు సుమారు 4.5 లక్షల మంది భారతీయులు వచ్చారు. తిరిగి వెళ్లినవారు లక్షన్నర పైచిలుకు. మిగతా వాళ్లు అక్కడే ఉండిపోయారు, లేదా అక్కడే చనిపోయారు. ఉండిపోవడానికి కారణం, ఓడల్లో ఆడవాళ్లు తగినంతమంది ఉండాలని ప్రభుత్వం పట్టుబట్టడం. ఇదీ మానవత్వంతో కాదు, కూలీలు స్థిరపడితే దొరలకు లాభం కాబట్టి. కుటుంబాలు ఏర్పడ్డాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పంచదార ధరలు పడిపోయి, పెద్ద తోటల యజమానులు నాసిరకం భూమిని ముక్కలు చేసి అమ్మారు. దీన్ని అక్కడ 'గ్రాన్ మోర్సెల్మాన్' అంటారు. దాచుకున్న డబ్బుతో, వాయిదాల మీద, పాత కూలీలు ఎకరం రెండెకరాలు కొన్నారు. రాళ్లు ఏరి చెరకు వేశారు. చెరకు మళ్లీ పాత దొర మిల్లుకే తోలాలి నిజమే, కానీ పొలం తమది.

ఆ తర్వాత ఓటు వచ్చింది. 1948 ఎన్నికలకు ఆస్తి అర్హత సడలించి, చదవను రాయను వస్తే చాలన్నారు. ఏ భాషలో అన్నదానికి ఇచ్చిన జాబితాలో తెలుగు కూడా ఉంది. చెరకు తోట పక్కన పాకల్లో పెద్దబాలశిక్ష పట్టుకుని కూర్చున్న ముసలివాళ్లకు అక్షరం అంటే పుణ్యం కాదు, ఓటు. 1940ల్లోనే ఆంధ్ర మహాసభ పుట్టింది. 1968లో దేశం స్వతంత్రమయ్యేసరికి తెలుగువాళ్లు అక్కడి రాజకీయాల్లో చిన్నదైనా లెక్కపెట్టదగిన వర్గం. ఇవాళ ఉగాది అక్కడ జాతీయ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, రామభజనం సాగుతున్నాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. ఇంట్లో మాట మాత్రం క్రియోల్. తెలుగు బడిలో నేర్చుకునే పాఠమైపోయింది. స్థిరపడ్డవాళ్లు చెల్లించిన ధర అది.

ఇక రంగం. గోదావరి జిల్లాల్లో రంగూన్‌ని ఎవరూ రంగూన్ అనలేదు. 'రంగం పోయాడు' అంటే డబ్బు కోసం పోయాడని, తిరిగొస్తాడని అర్థం.

ఇక్కడో విచిత్రం ఉంది. మారిషస్‌కు తొలి తెలుగువాళ్లు పోయింది కరువు రోజుల్లో. రంగానికి ఎక్కువగా పోయింది డెల్టా పచ్చబడ్డాక. 1852కి ఆనకట్ట పూర్తయింది, కాలువలు పారాయి, వరి పండింది, కామందుల మేడలు లేచాయి. భూమి లేనివాడికి మాత్రం ఏడాది జీతానికి అప్పు తీసుకుని పాలేరుగా ఉండడమే మిగిలింది. అప్పు తీరదు, జీతం పెరగదు. బోయి భీమన్న తన నాటకానికి 'పాలేరు' అని పేరు పెట్టినప్పుడు కోనసీమలో ఆ మాటను ఎవరికీ వివరించనక్కర్లేదు. అదే సమయానికి బ్రిటిష్‌వాళ్లు 1852లో ఆక్రమించిన దిగువ బర్మాలో అడవులు కొట్టి వరి వేస్తున్నారు. సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆ బియ్యానికి యూరప్‌లో గిరాకీ వచ్చింది. మిల్లుల్లో, రేవులో, పడవల మీద మనుషులు కావాలి. కాకినాడ నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమరెక్కితే కొద్ది రోజుల్లో రంగం.

ఈ ప్రయాణానికి ఒప్పందం లేదు, టికెట్టు ఫొటో లేదు, వలస చట్టం లేదు. 1937 వరకు బర్మా కూడా ఇండియాలో ఒక రాష్ట్రమే కాబట్టి అక్కడికి పోయేవాడు వలసదారు కాదు. కాగితం మీద అతను స్వేచ్ఛగా పోతున్న మనిషి. నిజానికి అతని వెనక మేస్త్రీ ఉండేవాడు. ఓడ ఖర్చు, ఇంటికి ఇచ్చిన బయానా అన్నీ మేస్త్రీ అప్పే. కూలి మేస్త్రీ చేతికి వచ్చేది, అతని పైన పెద్ద మేస్త్రీ ఉండేవాడు, ఇద్దరూ కోసుకున్నాక మిగిలింది కూలీకి. మారిషస్‌లో దొర కూలి కోస్తే కోర్టుకు పోవడానికి పేరుకైనా దారి ఉంది. మేస్త్రీ మీద ఫిర్యాదు చేయాలంటే ఊళ్లో తన సొంత మనుషుల మధ్యే తగువు.

1931 లెక్కల ప్రకారం బర్మాలో పది లక్షల మంది పైగా భారతీయులు. తెలుగువాళ్లే లక్షన్నర దాటారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు. రిక్షాలు లాగింది, రేవులో బస్తాలు మోసింది, మిల్లుల్లో ధాన్యం ఎత్తింది, పాకీ పని చేసింది ఎక్కువగా కోరంగీలే. ఆడవాళ్లు చాలా తక్కువ. ఒక్క గదిలో పదుల మంది వంతుల వారీగా పడుకునే కూలీ బసల గురించి, కార్మికుల స్థితిగతులు విచారించిన విట్లీ కమిషన్ రాసింది. కుటుంబం గోదావరి ఒడ్డున, మనిషి ఐరావతి ఒడ్డున.

అయితే రంగం ఏమీ ఇవ్వలేదనడం అన్యాయం. అక్కడ సంపాదించిన డబ్బు ఇక్కడికి వచ్చింది. అడపా సత్యనారాయణ వంటి చరిత్రకారులు చూపించినట్టు, మాలపల్లెల నుంచి పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చి అప్పు తీర్చి, పొలం కొని, పిల్లలను బడికి పంపారు. రంగం చూసొచ్చినవాడు కామందు ముందు చేతులు కట్టుకుని నిలబడడానికి ఇష్టపడలేదు. మారిషస్ కూలీ సంపాదన దీవిలోనే భూమిగా మారింది, రంగం కూలీ సంపాదన కోనసీమలో ఆత్మగౌరవంగా మారింది. ఈ రెండో దాన్ని ఏ జనాభా లెక్కల్లోనూ చూపలేం. పోలిక తూచేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు.

తాను ఉన్న చోట మాత్రం కోరంగీకి పునాది లేదు. 1930 మేలో రంగూన్ రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల సరుకు ఎక్కించి దించే గుత్తేదార్లు (స్టీవెడోర్లు) బర్మా వాళ్లను పనిలోకి దింపారు. సమ్మె తేలాక ఆ బర్మా వాళ్లను పంపేశారు. 26న గొడవ మొదలై నాలుగైదు రోజుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్లలో అత్యధికులు భారతీయులు. అదే దశాబ్దంలో ఆర్థిక మాంద్యం వచ్చి, అప్పు తీర్చలేని బర్మా రైతుల పొలాలు తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయాయి. దిగువ బర్మా వరి భూమిలో నాలుగో వంతు వాళ్ల చేతిలోకి వచ్చింది. కోపం చెట్టియార్ల మీద పుట్టింది, దెబ్బలు రోడ్డు మీద దొరికిన రిక్షావాడికి తగిలాయి. సెంటు భూమి లేనివాడు భూమి పోయినవాడి కోపానికి బలయ్యాడు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకే దొరికింది. లక్షల మంది అరకాన్ కనుమల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. బతికి సొంత తీరం చేరినవాళ్లను అక్కడా బాంబే పలకరించింది: 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి.

యుద్ధం తర్వాత కొందరు మళ్లీ వెళ్లారు. 1948లో బర్మా స్వతంత్రమైంది, పౌరసత్వానికి ఎప్పటి నుంచి ఇక్కడున్నావో చూపించమంది. ఏడాది ఉండి ఏడాది పోయే అలవాటున్న మనిషి, ఏ రిజిస్టరులోనూ పేరు లేని మనిషి, ఏం చూపిస్తాడు? చాలామంది విదేశీయుల నమోదు పత్రం తీసుకుని ఉండిపోయారు. 1962లో నె విన్ సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేసి, 50, 100 క్యాట్‌ల నోట్లు రద్దు చేసింది. సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. భారత ప్రభుత్వం పంపిన ఓడల్లో వచ్చిన తెలుగువాళ్లకు విశాఖ కంచరపాలెం దగ్గర చోటిచ్చారు. సిటీ బస్సు కండక్టర్లు ఇప్పటికీ ఆ స్టాపుని 'బర్మా క్యాంపు' అనే అరుస్తారు. బర్మాలోనే ఉండిపోయిన తెలుగువాళ్లు మౌల్మీన్, రంగూన్ వైపు గుళ్లు నిలబెట్టుకున్నారు. బయటికి బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కథ మారిషస్ దారిలోనే కొంత దూరం నడిచింది. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడతో మొదలైన కూలీ వలసలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. కానీ అక్కడి వర్ణవివక్ష చట్టాలు ఊళ్లకు ఊళ్లు లేపేశాయి, ఆస్తి నిలబడలేదు. ఒప్పందం ఒకటే అయినా తర్వాతి ప్రభుత్వం తీరు మారితే ఫలితం మారుతుంది.

ఇప్పుడు కోనసీమ నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్ల పరిస్థితి వీటిలో రంగానికే దగ్గర. ఏజెంటుకు అప్పు, యజమాని చేతిలో పాస్‌పోర్టు, ఎన్నేళ్లున్నా పౌరసత్వం రాదు, ఇంటికి మాత్రం డబ్బు వస్తుంది. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు వీసా గడువు దాటిన గోదావరి జిల్లాల వాళ్లు చాలామంది విమానం దిగారు. మారిషస్‌ది వేరే దారి. 2025 మార్చిలో అక్కడి భారత సంతతికి ఏడో తరం వరకు ప్రవాస భారత పౌరుల (ఓసీఐ) కార్డు ఇస్తామని భారత ప్రభుత్వం ప్రకటించింది. దరఖాస్తుకు పూర్వీకుల రుజువు కావాలి. దాని కోసం మోకా వెళ్లి, ముత్తాతకు తోట దొరల కోసం ఇచ్చిన నంబరు వెతికించుకోవచ్చు.