షార్ట్‌ టర్మ్‌ మిషన్‌ ట్రిప్‌ అంటే ఏంటి? పది రోజుల సేవతో మేలెంత.. ఎక్కడ తేడా కొడుతోంది?

సెలవుల్లో వారం పది రోజులు వేరే దేశానికి వెళ్లడం.. అక్కడి పేదలకు ఇళ్లు కట్టడం, హెల్త్‌ క్యాంపులు పెట్టడం, అనాథాశ్రమాల్లో పిల్లలతో గడపడం.. మళ్లీ ఇంటికి వచ్చేయడం. చర్చిల తరఫున జరిగే ఇలాంటి ప్రయాణాలనే షార్ట్‌ టర్మ్‌ మిషన్‌ ట్రిప్స్‌ అంటారు. ఒక్క అమెరికా నుంచే ఏటా దాదాపు 16 లక్షల మంది ఇలా విదేశాలకు వెళ్తుంటారని ప్రిన్స్‌టన్‌ యూనివర్సిటీ సోషియాలజిస్ట్‌ రాబర్ట్‌ వుత్‌నో గతంలో అంచనా వేశారు. వెళ్లేవాళ్ల ఉద్దేశం మంచిదే. మరి అక్కడివాళ్లకు నిజంగా మేలు జరుగుతోందా? హైతీ, హోండురాస్‌, ఆఫ్రికా అనుభవాలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

ఎలా మొదలైంది?

ఒకప్పుడు మిషనరీ అంటే ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి, అక్కడి భాష నేర్చుకుని పనిచేసేవాళ్లు. విమాన ప్రయాణం అందుబాటులోకి వచ్చాక పద్ధతి మారింది. 1957లో ఆపరేషన్‌ మొబిలైజేషన్‌ వ్యవస్థాపకుడు జార్జ్‌ వెర్వర్‌ తోటి స్టూడెంట్స్‌తో మెక్సికో వెళ్లారు. 1960లో యూత్‌ విత్‌ ఏ మిషన్‌ సంస్థ పుట్టింది. కాలేజీ కుర్రాళ్లు సెలవుల్లో వెళ్లి రావడం అలా అలవాటైంది.

ఇప్పుడైతే టీమ్‌ లీడర్‌, నాలుగైదు ట్రైనింగ్‌ క్లాసులు, బంధువుల దగ్గర చందాలు, అక్కడ దింపుకునే ఒక లోకల్‌ చర్చి.. ఇంతే సెటప్‌.

హైతీలో ఏం జరిగింది?

2010 జనవరి 12న హైతీ రాజధాని పోర్ట్‌ ఓ ప్రిన్స్‌ దగ్గర 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. లక్షల మంది రోడ్డున పడ్డారు. సరిగ్గా 17 రోజుల తర్వాత, జనవరి 29న, డొమినికన్‌ రిపబ్లిక్‌ సరిహద్దులో పోలీసులు ఒక బస్సును ఆపారు. లోపల 33 మంది పిల్లలు, వాళ్లతో 10 మంది అమెరికన్లు. ఈ టీమ్‌లో ఎక్కువ మంది ఐడహో రాష్ట్రంలోని బాప్టిస్ట్‌ చర్చిలకు చెందినవాళ్లు. అనాథ పిల్లల్ని అవతలి దేశంలో పెట్టబోయే ఆశ్రమానికి తీసుకెళ్తున్నామని చెప్పారు. కానీ పిల్లల్ని దేశం దాటించే పర్మిషన్‌ పేపర్లు వాళ్ల దగ్గర లేవు.

అసలు విషయం తర్వాత బయటపడింది. ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. ఇల్లు కూలిపోయింది, తిండికి కష్టమైంది. పిల్లలకు చదువు చెప్పిస్తాం, మీరు వచ్చి చూసుకోవచ్చు అనేసరికి తల్లిదండ్రులే అప్పగించారు. పదిమందిపైనా కిడ్నాప్‌ కేసు పెట్టారు. ఫిబ్రవరిలో 8 మందిని, మార్చిలో ఒకరిని విడుదల చేశారు. టీమ్‌ లీడర్‌ను చట్టవిరుద్ధంగా ప్రయాణం ఏర్పాటు చేశారన్న నేరం కింద దోషిగా తేల్చి, అప్పటికే జైల్లో గడిపిన కాలాన్నే శిక్షగా లెక్కేసి మే నెలలో వదిలేశారు. పిల్లల్ని మళ్లీ కుటుంబాలకు చేర్చారు.

అనాథాశ్రమాలతో చిక్కేంటి?

ఇది హైతీకే పరిమితమైన సమస్య కాదు. ప్రపంచవ్యాప్తంగా అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో పది మందిలో ఎనిమిది మందికి తల్లో తండ్రో ఉన్నారని బాలల హక్కుల సంస్థలు చెబుతున్నాయి. పేదరికమే వాళ్లను అక్కడికి చేరుస్తోంది. విదేశీ విజిటర్లు, వాళ్ల డొనేషన్లు పెరిగే కొద్దీ ఆశ్రమాలు నడపడం కొందరికి బిజినెస్‌గా మారింది. కంబోడియా, నేపాల్‌ లాంటి దేశాల్లో ఇది బాగా చర్చకు వచ్చింది. డబ్బు కోసం పిల్లల్ని ఆశ్రమాలకు తరలించడం కూడా ఆధునిక బానిసత్వమేనని 2018లో ఆస్ట్రేలియా గుర్తించింది.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. వారం పాటు ఎత్తుకుని ఆడించిన అక్క వెళ్లిపోతుంది. తర్వాతి వారం కొత్త అక్క వస్తుంది. ఇలా దగ్గరవడం, దూరమవడం పదేపదే జరిగితే పిల్లల మనసుపై గట్టి దెబ్బ పడుతుందని నిపుణులు హెచ్చరిస్తున్నారు.

ఒక ఇల్లు.. రెండు లెక్కలు

1998లో మిచ్‌ తుఫాను హోండురాస్‌ను ముంచేసింది. ఇళ్లు కట్టడానికి ఉత్తర అమెరికా నుంచి చర్చి టీమ్‌లు క్యూ కట్టాయి. కాల్విన్‌ కాలేజీకి చెందిన కర్ట్‌ వెర్‌ బీక్‌ దీనిపై స్టడీ చేశారు. టీమ్‌ ప్రయాణ ఖర్చులతో కలిపి ఒక్కో ఇంటికి దాదాపు 30 వేల డాలర్లు అయింది. అదే ఇంటిని లోకల్‌ క్రైస్తవ సంస్థ సుమారు 2 వేల డాలర్లకే కట్టింది. అంటే ఒక ఇంటి ఖర్చుతో 15 ఇళ్లు! పైగా లోకల్‌ సంస్థ కడితే ఊళ్లో మేస్త్రీలకు, కూలీలకు పని దొరుకుతుంది. వెర్‌ బీక్‌ ఈ ట్రిప్పులకు బయటివాడేం కాదు. ఆయన పనిచేసేది క్రైస్తవ కాలేజీలోనే. 2009లో వచ్చిన 'వెన్‌ హెల్పింగ్‌ హర్ట్స్‌' పుస్తకం రాసిన స్టీవ్‌ కార్బెట్‌, బ్రయన్‌ ఫికర్ట్‌ కూడా చర్చి మనుషులే. సాయం పేరుతో పేదల్ని చేతకానివాళ్లుగా చూడొద్దన్నదే వాళ్ల పాయింట్‌.

మరి పనికొచ్చే ట్రిప్‌ ఎలా ఉంటుంది?

మెర్సీ షిప్స్‌ను తీసుకుందాం. 1978లో మొదలైన ఈ క్రైస్తవ సంస్థ ఓడల్నే ఆస్పత్రులుగా మార్చి ఆఫ్రికా తీరాల్లో నడుపుతోంది. వీటిలో గ్లోబల్‌ మెర్సీ ఓడ పొడవు 174 మీటర్లు, అందులో 6 ఆపరేషన్‌ థియేటర్లున్నాయి. గ్రహణం మొర్రి, కణితులు, శుక్లాలు, కాలిన గాయాలతో ముడుచుకుపోయిన చేతులు.. వీటికి ఫ్రీగా సర్జరీలు చేస్తారు. వాలంటీర్లలో కొందరు కొన్ని వారాలకే వస్తారు, ఖర్చులు సొంతంగా పెట్టుకుంటారు.

తేడా ఎక్కడంటే.. ఓడ వెళ్లేది ఆ దేశ ప్రభుత్వం పిలిస్తేనే. కత్తి పట్టేది క్వాలిఫైడ్‌ సర్జనే. ఓడ అక్కడ నెలల తరబడి ఉంటుంది, లోకల్‌ డాక్టర్లకు, నర్సులకు ట్రైనింగ్‌ ఇస్తుంది. డాక్టర్‌ వెళ్లిపోయినా పని ఆగదు.

ఒంగోలు కథ కూడా ఇదే

ఇలాంటి ఉదాహరణ మన దగ్గరా ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్‌ క్లౌ బకింగ్‌హామ్‌ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్ట్‌ తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చారు. తిండి కోసమే మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. అప్పటికే ఆయన ఒంగోలులో పదేళ్లుగా ఉన్నారు.

వెళ్లేముందు, డబ్బు ఇచ్చేముందు అడగాల్సినవి

విదేశాల్లో ఉన్న మన పిల్లలు కాలేజీ నుంచో, చర్చి నుంచో ఇలాంటి ట్రిప్‌కు వెళ్తామంటే ఇవి కనుక్కోండి.

- ఈ పని కావాలని అక్కడివాళ్లు అడిగారా, లేక మనమే డిసైడ్‌ చేశామా?
- అదే పని చేసే మనుషులు ఆ ఊళ్లో లేరా?
- ఇక్కడ లైసెన్స్‌ లేని పనిని అక్కడి పేదలపై చేస్తున్నామా? ఇంజెక్షన్‌ అయినా సరే.
- అనాథాశ్రమమైతే.. పిల్లలకు అమ్మానాన్నలున్నారా, ఇంటికి పంపే ప్రయత్నం జరుగుతోందా?
- పిల్లల ఫొటోలు, వీడియోలకు ఎవరి అనుమతి ఉంది?
- ప్రయాణానికి ఎంత, అక్కడి పనికి ఎంత ఖర్చవుతోంది?
- వీసా ఏ పనికి ఇచ్చారు? మన దేశంలోనూ టూరిస్ట్‌ వీసాపై వచ్చి మత ప్రచారం చేయడం రూల్స్‌కు విరుద్ధం.

వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ టికెట్‌ డబ్బుల్ని అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న లోకల్‌ సంస్థకు పంపడమే బెటర్‌. హోండురాస్‌ లెక్క చెప్పింది కూడా అదే.