పోరంబోకు తరంగాలు

భిలాయ్ సెక్టార్లలో ఏ క్వార్టరు వరండాలో నిలబడి ఫోన్ తెరిచినా వైఫై పేర్లు బారులు తీరి కనిపిస్తాయి. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959లో రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ ఇళ్లలో మూడో తరానికి వచ్చాయి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పొద్దుగూకి, షిఫ్టు దిగినవాళ్లంతా ఇళ్లకు చేరాక నెట్ తెగడం మొదలవుతుంది. కనెక్షన్ ఇచ్చినవాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు అతని తప్పేమీ ఉండదు.

ఒకే తరంగాల కోసం ఇరుగుపొరుగు రూటర్లు పడే తగువే కారణం, దాని మూలం 1947 నాటిది. ఆ ఏడాది అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో పలు దేశాలు కూర్చుని రేడియో తరంగాలను పంచుకున్నాయి. ఓడలకు ఇంత, విమానాలకు ఇంత, ఆకాశవాణులకు ఇంత. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కొంత మేరను మాత్రం పరిశ్రమలకు, వైద్యానికి, వేడిచేసే యంత్రాలకు వదిలేశారు. రాడార్ గొట్టంతో వంట చేయొచ్చని రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ అప్పటికే కనిపెట్టాడు. మైక్రోవేవ్ ఓవెన్లు రొద చేసే ఆ జాగాలో కబుర్లు పంపుకోవాలని ఎవరికి ఉంటుంది? అలా అది ఊరి పోరంబోకు అయింది. పట్టా లేదు, శిస్తు లేదు, అలాంటి యంత్రాలేవైనా దిగొచ్చు. పక్కవాడు అడ్డొస్తే ఫిర్యాదు చేసే హక్కు కూడా లేదు.

1985లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఇంజనీరు మైకేల్ మార్కస్ చొరవతో ఆ జాగాలో లైసెన్సు లేకుండా సమాచారం పంపుకోవడానికి అనుమతి వచ్చింది. తొలినాళ్లలోనే దిగినవాళ్లలో దుకాణాల బిల్లు యంత్రాలు చేసే ఎన్‌సీఆర్ కంపెనీ ఒకటి. కౌంటరు జరిపినప్పుడల్లా వైర్లు పీకి మళ్లీ వేసే బాధ తప్పాలన్నది వాళ్ల ఆశ. ఆ కంపెనీ మనిషి విక్ హేస్ నాయకత్వం వహించిన సంఘం 1997లో వైఫైకి పునాది అయిన 802.11 ప్రమాణాన్ని తెచ్చింది. అప్పటి వేగం సెకనుకు 2 మెగాబిట్లు. హాలీవుడ్ నటి హెడీ లమార్ వైఫై కనిపెట్టిందని వాట్సాప్‌లో తిరిగే కథ వినడానికి బాగుంటుంది గానీ, 1942 నాటి ఆమె పేటెంటు టార్పెడోల కోసం. నేటి వైఫై ఆ పేటెంటు పద్ధతిలో నడవదు.

అసలు పెద్దరికం ఇవ్వాల్సింది హవాయికి. 1971లో అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి అలోహానెట్ నడిపింది. చెప్పాలనుకున్నప్పుడు చెప్పెయ్, అందినట్టు జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ చెప్పు, ఎంతసేపన్నది ఎవరికి వారు యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. ఇంతే సూత్రం. కానీ అందరూ ఒకేసారి మాట్లాడితే గుద్దుకోవడమే. ఎంత బాగా నడిచినా దారిలో 18 శాతం మించి పనికిరాదని గణితం తేల్చింది. వైఫై దీనికి ఒక మర్యాద చేర్చింది: ముందు విను, ఎవరూ మాట్లాడకపోతేనే నోరు తెరువు. అందుకే పక్కింట్లో సినిమా పెడితే, చానెల్ ఒకటే అయినప్పుడు, మన రూటరు ఆగి ఆగి మాట్లాడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌కు ఆ మర్యాద తెలియదు. బ్లూటూత్ కూడా ఈ 2.4 జాగాలోనే తిరుగుతుంది.

ఇంకో చిక్కూ ఉంది: తరంగాలు గోడలకు, ఇనుముకు తగిలి ప్రతిధ్వనిస్తాయి. ఒకే మాట పలుమార్లు, కొంచెం కొంచెం ఆలస్యంగా చేరితే అర్థం చెడుతుంది. ఈ చిక్కు విప్పినవాళ్లలో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఓసల్లివన్ బృందం ముఖ్యమైనది. పేలిపోయే బుల్లి కృష్ణబిలాల కోసం ఆయన అంతకుముందు వెతికాడు. అవి దొరకలేదు, ఆ వెతుకులాటలో పదునెక్కిన గణితం ఇక్కడ అక్కరకొచ్చింది. అయినా బీరువా మీదో, ఇనుప కూలర్ వెనకో రూటరు పెడితే ఏ గణితమూ కాపాడదు. ఛత్తీస్‌గఢ్ ఎండల్లో కూలర్ లేని ఇల్లు అరుదు, దాని తొట్టి నిండా నీళ్లు. ఇనుము తరంగాన్ని తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు బెడద 2005 జనవరిలో తొలగింది. రక్షణ హామీ ఏమీ ఉండదని ఆ నోటిఫికేషనే చెబుతోంది. వైఫై వాడే మరో మేర అయిన 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగం 2018లో తెరుచుకుంది. 2.4లో పదమూడు చానెళ్లున్నా ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఒకేసారి నడిచేవి సాధారణంగా మూడే: 1, 6, 11. మూడు దారులు, సెక్టారంతా ఇళ్లు. 5 విశాలంగా ఉంటుంది, కానీ గోడ దాటాక నీరసిస్తుంది. కాబట్టి ఫోన్‌ను రూటరున్న గదిలో 5కు, దూరపు గదిలో 2.4కు కలపాలి.

ఫోన్‌లో గీతలు నిండుగా ఉండి నెట్ రాకపోతే తప్పు వైఫైది కాకపోవచ్చు. ఆ గీతలు ఫోన్‌కూ రూటరుకూ మధ్య సంగతే చెబుతాయి. రూటరు పక్కనే నిలబడి చూడండి. అక్కడా రాకపోతే బయటి లైను పోయి ఉండొచ్చు, అప్పుడు కంపెనీకి ఫోన్ చేయొచ్చు.

చోటు మారని టీవీకి మాత్రం వైరు లాగడమే మేలు. ఆ వైరులో నడిచే ఈథర్నెట్‌ను 1973లో రూపొందించిన బాబ్ మెట్‌కాఫ్, అంతకుముందు అబ్రామ్సన్ అలోహా పత్రం చదివినవాడే.