హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం, క్షీణత: బడి, పోలీసు దళం, మైదానం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1950 నుంచి 1963 వరకు భారతదేశపు ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ నగరానికి కలకత్తాతో సమానమైన స్థానం ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశంలోని పెద్ద కప్పులను గెలుచుకుంది. ఆ జట్టు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు రెండు ఆసియా క్రీడల స్వర్ణాలను అందించారు. ఆ తరువాత రెండు దశాబ్దాలలోనే నగరం ఆ స్థానాన్ని కోల్పోయింది. ఈ ఉత్థాన పతనాలను సాధారణంగా ఒక మహా శిక్షకుని జీవితంతో ముడిపెట్టి చెబుతారు. ఆ ఆట బడి, పోలీసు కొలువు, బహిరంగ మైదానం అనే మూడు ఆధారాల మీద నిలబడిందని, అవి సడలినప్పుడు ఆటా సడలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫుట్‌బాల్, హైదరాబాద్ సిటీ పోలీస్, సయ్యద్ అబ్దుల్ రహీం, తులసీదాస్ బలరామ్, రోవర్స్ కప్, సంతోష్ ట్రోఫీ, మైదానం.

1. ఉపోద్ఘాతం

కాలితో బంతిని తన్నే ఆటలు ప్రాచీన చైనాతో సహా అనేక సమాజాలలో ఉన్నాయి. నేటి ఫుట్‌బాల్‌కు మాత్రం నియమబద్ధమైన రూపం ఇంగ్లండులో ఏర్పడింది. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ స్థాపన జరిగి, చేతితో బంతిని పట్టే ఆట నుంచి ఈ ఆట విడివడింది. వలస పాలన ద్వారా అది భారతదేశానికి చేరింది. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్ మొదలయ్యాయి. తొలినాళ్లలో ఇవి ప్రధానంగా బ్రిటిష్ సైనిక దళాల పోటీలు. 1911లో మోహన్‌బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలవడంతో ఆటకు జాతీయ గౌరవ చిహ్నమనే అర్థం కూడా వచ్చింది.

బెంగాల్‌లో ఈ కథ సామాజిక చరిత్రలో భాగమైంది. హైదరాబాద్ కథకు ఆ స్థానం దక్కలేదు. తెలుగు ప్రాంతపు సాంస్కృతిక చరిత్రను భాష, సాహిత్యం, ఉద్యమాల చుట్టూ అల్లుకున్నప్పుడు, ఉర్దూ, తమిళం, తెలుగు మాట్లాడే కుర్రాళ్లు ఒకే మైదానంలో నిర్మించిన ఈ చరిత్ర పక్కకు జరుగుతుంది. ఏ ఒక్క భాషా సమాజమూ దీనిని పూర్తిగా తనదిగా చెప్పుకోలేదు.

2. రెండు మూలాలు: కంటోన్మెంటు, నిజాం నగరం

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు రెండు పుట్టిళ్లు. మొదటిది సికింద్రాబాద్ కంటోన్మెంటు. 19వ శతాబ్ది ఆరంభం నుంచి అక్కడ స్థిరపడిన బ్రిటిష్ దళాల వెంట తమిళ కుటుంబాలు అనేకం వచ్చి అమ్ముగూడ, తిరుమలగిరి, బొల్లారం వంటి ప్రాంతాలలో నివసించాయి. సైనికుల ఆట ఆ బస్తీల పిల్లల ఆటగా మారింది. తులసీదాస్ బలరామ్ ఈ వాతావరణం నుంచే వచ్చారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా జంటనగరాలలోని చిన్న క్లబ్బులలో ఆడి, సైన్యంలో చేరి పేరు తెచ్చుకున్నారు.

రెండవది నిజాం నగరం. ఇక్కడ ఆటకు ఊపిరి పోసినవి పాఠశాలలు, ఉర్దూ మాధ్యమంలో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, పాతనగరపు మొహల్లాలు. నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల వారసులు నివసించే బార్కస్‌లో ఫుట్‌బాల్ నేటికీ బస్తీ ఆటే. 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడడంతో ఈ రెండు ధారలకు ఒక ఉమ్మడి వేదిక దొరికింది.

3. బడిపంతులు శిక్షకుడు కావడం

1909లో హైదరాబాద్‌లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలతో పాటు దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాలలోనూ పనిచేశారు. 1940ల ఆరంభం నుంచి మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. ఉపాధ్యాయుడు, సంఘ నిర్వాహకుడు, జట్టు శిక్షకుడు ఒక్కరే కావడం వల్ల బడి నుంచి క్లబ్బుకు, క్లబ్బు నుంచి పోలీసు జట్టుకు, అక్కడినుంచి దేశ జట్టుకు ఒక దారి ఏర్పడింది.

ఆయన పద్ధతిలోనూ ఉపాధ్యాయుడే కనిపిస్తాడు. బంతిని కాలి వద్దే అట్టిపెట్టుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోవడాన్ని నిషేధించి పోటీలు పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టారు. ఇవి వినోదం కోసం కావు. బంతి అందగానే సహచరునికి అందించడం, రెండు కాళ్లనూ సమానంగా వాడడం అలవాటు కావాలని ఉద్దేశించిన పాఠాలు. లోపం ఎక్కడుందో గుర్తించి, దానికి తగిన అభ్యాసం చేయించడం తరగతి గదిలోని పద్ధతే.

ఈ మార్పు ఎంత అవసరమైనదో 1952 హెల్సింకి ఒలింపిక్స్ చూపింది. అక్కడ భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడింది. అప్పటికీ మన ఆటగాళ్లలో చాలామంది ఒట్టికాళ్లతో ఆడేవారు. ఆ తరువాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూటు అన్నది అప్పుడు పేద పిల్లవానికి సులభంగా దొరికే వస్తువు కాదు. పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవారి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నానని, అమ్ముగూడ నుంచి సాధనకు రావడానికి సైకిలు అద్దెకు రహీం డబ్బు ఇచ్చేవారని బలరామ్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఒక దేశపు ఒలింపిక్ ఆటగాడు తయారు కావడానికి పాత బూటు జత, అద్దె సైకిలు, వాటి అవసరాన్ని గుర్తించిన ఒక పంతులు కావలసి వచ్చింది.

4. పోలీసు దళం – కొలువుగా మారిన ఆట

పేద ఆటగాడు సాధన కొనసాగించాలంటే నెలజీతం కావాలి. ఆ జీతాన్ని హైదరాబాద్‌లో పోలీసు శాఖ ఇచ్చింది. శాఖలో కొలువు, రహీం శిక్షణ కలిసి సిటీ పోలీస్ జట్టును తయారుచేశాయి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. అది జరిగిన రెండేళ్లకే, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ రెండింటినీ గెలిచింది. రోవర్స్ కప్‌ను 1954 వరకు వరసగా అయిదు సార్లు తన వద్దే ఉంచుకుంది. దేశం దృష్టిలో హైదరాబాద్ అంటే సంఘర్షణ, విలీనం అన్న భావన బలంగా ఉన్న రోజులవి. అటువంటి సమయంలో ఆ నగరపు హిందూ, ముస్లిం, క్రైస్తవ యువకులు ఒకే జట్టుగా బొంబాయి, ఢిల్లీ మైదానాలలో గెలిచారు. ఈ విజయాలను క్రీడల పుటకే పరిమితం చేయకుండా, విలీనానంతర హైదరాబాద్ సామాజిక చరిత్రలో భాగంగా చదవవలసి ఉంది.

రికార్డులను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. విజేతల జాబితాలలో 1957 వరకు ‘హైదరాబాద్ సిటీ పోలీస్’ పేరు, 1960 నుంచి ‘ఆంధ్రప్రదేశ్ పోలీస్’ పేరు కనిపిస్తాయి. పేర్లు వేరైనందువల్ల ఇవి రెండు జట్లుగా కనిపిస్తాయి కానీ, ఇది ఒకే పరంపర. 1950–54, 1957, 1960, 1962, 1963 విజయాలను కలిపితే రోవర్స్ కప్పులు తొమ్మిది అవుతాయి. వీటిలో 1962 నాటిది ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నది.

ఇటువంటి చిక్కే సంతోష్ ట్రోఫీలోనూ ఉంది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే ఈ పోటీని హైదరాబాద్ 1956–57, 1957–58లలో వరసగా రెండుసార్లు గెలిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాష్ట్రం రద్దయింది. అంటే పటంలో లేని రాష్ట్రం పేరు ఆటస్థలంలో మాత్రం మరికొంత కాలం నిలిచింది. ఆంధ్ర, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘాల విలీనం 1959లో గాని జరగలేదు. ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ వచ్చింది 1965–66లో ఒక్కసారే.

5. మెల్‌బోర్న్ నుంచి జకార్తా వరకు

నగరంలో సిద్ధమైన ఆటగాళ్లు, పద్ధతి రెండూ దేశ జట్టుకు చేరాయి. 1951లో న్యూఢిల్లీ తొలి ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌పై 1–0తో గెలిచి రహీం జట్టు స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ నిలిచింది. చివరకు నాలుగవ స్థానం దక్కింది. ఆ బృందంలో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, తంగరాజ్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై, పెరూపై భారత్ చేసిన గోల్స్ బలరామ్‌వే.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఈ దశకు శిఖరం. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిన జట్టు, సెప్టెంబరు 4న అదే ప్రత్యర్థిని ఫైనల్‌లో 2–1తో ఓడించింది. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపడం, ఫైనల్‌కు తంగరాజ్‌ను గోల్ ముందు నిలపడం శిక్షకుని నిర్ణయాలు. జర్నైల్ ఒక గోల్ చేశారు. అప్పటికే రహీంను క్యాన్సర్ కబళిస్తున్నది. 1963 జూన్‌లో ఆయన మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత స్వర్ణం రాలేదు.

6. వలస

రహీం మరణంతోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ ముగిసిందనడం సరికాదు. 1963 రోవర్స్ కప్, 1965–66 సంతోష్ ట్రోఫీ ఆయన తరువాతి విజయాలే. ప్రతిభ కూడా ఎండిపోలేదు. సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచింది. షబ్బీర్ అలీ నాయకత్వంలో 1974లో ఆసియా యువజన కప్పును ఇరాన్‌తో కలిసి పంచుకుంది. మహమ్మద్ హబీబ్ 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్‌బగాన్ తరఫున గోల్ చేశారు. అయితే ఈ ముగ్గురి కీర్తి విస్తరించింది కలకత్తాలో. బలరామ్ 1957లో, నయీముద్దీన్, హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు.

కారణం రెండు నగరాల ఆటల నిర్మాణంలోనే ఉంది. కలకత్తా క్లబ్బు వేలాది సభ్యుల సొత్తు. ఆటగాడు మారినా, కార్యదర్శి మారినా అభిమాని నిలుస్తాడు. హైదరాబాద్ జట్టు ఒక ప్రభుత్వ శాఖది. అధికారికి ఆసక్తి ఉన్నంతకాలం నియామకాలు ఉంటాయి, నియామకాలు ఉన్నంతకాలమే జట్టు ఉంటుంది. పేదవానికి అన్నం పెట్టినందువల్ల కొలువు ఈ ఆటకు బలమైంది. కొలువు తప్ప మరో ఆధారం లేకపోవడం దాని బలహీనత అయింది. రహీం వలె బడికీ శాఖకూ వంతెనగా నిలిచే వ్యక్తి లేకపోవడంతో కింది నుంచి వచ్చే ధార కూడా పలుచబడింది. 1983 ప్రపంచ కప్పు తరువాత క్రికెట్‌కు వచ్చిన ఆదరణ అప్పటికే మొదలైన క్షీణతను వేగవంతం చేసింది.

బలరామ్ 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశారు. అదే సంవత్సరం ఆగస్టు 15న హబీబ్ హైదరాబాద్‌లో మరణించారు. ఒకరు ఆదరించిన ఊరిలో, మరొకరు పుట్టిన ఊరిలో వెళ్లిపోయారు.

7. మైదానం: తూర్పు హైదరాబాద్ చెప్పేది

మూడవ ఆధారమైన మైదానం సంగతి నగరపు తూర్పు దిక్కున స్పష్టంగా తెలుస్తుంది. రహీం పాఠం చెప్పిన చాదర్‌ఘాట్ నుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ మీదుగా ఎల్బీనగర్‌కు సాగే దారి వెంట ఒకప్పుడు ఊళ్లు, చెరువులు, ఖాళీ భూములు ఉండేవి. నేడు ఆ దారి పొడవునా కాలనీలు, దుకాణ సముదాయాలు, శిక్షణ కేంద్రాలు, మెట్రో స్తంభాలు. సరూర్‌నగర్‌లో చెరువు ఉంది, ఇండోర్ స్టేడియం ఉంది. ఆ స్టేడియం ఆవరణ పేరు పత్రికలలో కనిపించేది ఎక్కువగా రాజకీయ బహిరంగసభల సందర్భంలో. విక్టోరియా మెమోరియల్ వంటి పాత విద్యాసంస్థల ఆవరణలే ఈ ప్రాంతంలో మిగిలిన పెద్ద ఖాళీ స్థలాలు.

ఇరవైరెండు మంది ఆడే ఆటకు విశాలమైన నేల కావాలి. క్రికెట్ సందులోనూ ఒదుగుతుంది, పదకొండుగురి ఫుట్‌బాల్ ఒదగదు. పైకప్పుగల స్టేడియం కట్టడమూ, బస్తీ పిల్లవాడు సాయంత్రం స్వేచ్ఛగా అడుగుపెట్టగల మైదానాన్ని కాపాడడమూ ఒకటి కావు. ఆట స్థలం లేని ప్రైవేటు పాఠశాల ఈ ప్రాంతంలో సర్వసాధారణ దృశ్యం. అక్కడ రహీం వంటి పంతులు ఉన్నా, పాఠం చెప్పడానికి చోటు ఉండదు.

8. ఉపసంహారం

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. గచ్చిబౌలి కేంద్రంగా ఆడి, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. నగరానికి పాత వైభవం తిరిగివచ్చినట్లు అనిపించింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. శాఖ ఆసక్తి మీద నిలిచిన జట్టు శాఖతోపాటు తగ్గింది. పెట్టుబడి మీద నిలిచిన జట్టు పెట్టుబడితోపాటు కదిలిపోయింది. రెండు సందర్భాలలోనూ స్థానిక సమాజానికి జట్టుపై హక్కు లేదు.

దీనికి భిన్నమైన ఆశ నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి దేశ మహిళల జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య ప్రయాణంలో ఉంది. అమ్ముగూడ కుర్రవానికి వలెనే తండా అమ్మాయికీ ప్రతిభకు తోడు శిక్షకుడు, నేల, ఉపాధి కావాలి. ఈ మూడూ ఒకచోట కలిసిన పదమూడేళ్లలో హైదరాబాద్ దేశానికి ఆట నేర్పింది. కనుక ఈ చరిత్రను మహావ్యక్తుల స్మరణగా కాక, సంస్థల చరిత్రగా అధ్యయనం చేయాలి. పోలీసు శాఖ దస్త్రాలు, పాఠశాలల వార్షిక సంచికలు, ఉర్దూ, తెలుగు పత్రికల క్రీడాపుటలు, బస్తీలలోని వృద్ధ ఆటగాళ్ల మౌఖిక కథనాలు అందుకు ఆకరాలు. వీటిలో మౌఖిక కథనాల సేకరణ మొదట జరగాలి. ఆ తరంలో మిగిలినవారు కొద్దిమందే.