బందెలదొడ్డి పుస్తకం: పన్ను ఎగవేత శిక్షల్లో న్యాయం, ఒక పల్నాటి పరిశీలన

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకి, కృష్ణ వైపు సాగిపోతుంది. చూడటానికి వచ్చినవాళ్లంతా లోయలోకే చూస్తారు. గట్టు మీద మేకలు తోలుకుపోయే మనిషి ఎవరి కంటా పడడు. ఈ వ్యాసానికి కావలసింది ఆ మేకలు. నూరేళ్ల కిందట ఈ చుట్టుపక్కల రిజర్వు అడవిలో పశువు గడ్డి మేస్తే పుల్లరి కట్టాలి. కట్టకపోతే పశువును బందెలదొడ్డికి తోలేవారు.

1882 మద్రాసు అటవీ చట్టం అడవి చుట్టూ గీత గీసింది. అప్పటిదాకా వాడుకగా ఉన్న మేత ఆ గీత దాటగానే నేరమైంది. 1921లో మాచర్ల ప్రాంతపు పల్లెలు పుల్లరి కట్టబోమని బాహాటంగా చెప్పాయి. అధికారులకు సరుకులు అమ్మలేదు, బట్టలు ఉతకలేదు, క్షవరం చేయలేదు. ఆ ఉద్యమంలో జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైలులో ‘మాలపల్లి’ రాశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచాడు.

వీళ్లు పన్ను ఎగ్గొట్టినవాళ్లా? కట్టలేదన్నది నిజమే. కానీ దాచిందేమీ లేదు. మంద ఎదురుగానే ఉంది, కట్టబోమన్న మాట ఎదురుగానే అన్నారు. ఎగవేతకు ప్రాణం దాచడంలో ఉంది. ఎదిరించినవాణ్ణి, కట్టలేనివాణ్ణి, దాచినవాణ్ణి ఒకే తాటికి కట్టేస్తే శిక్ష ఎంత తగ్గించినా న్యాయం కాదు. స్వతంత్ర భారత చట్టం ఈ తేడాను కాగితం మీద గుర్తించింది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 276సి సెక్షన్ కావాలని ఎగవేసినవారికే వర్తించేది. మొత్తం 25 లక్షలు దాటితే ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం. అయితే పక్కనే 278ఇ ఉండేది: దురుద్దేశం ఉన్నట్టే కోర్టు భావించేది, లేదని నిందితుడే రుజువు చేసుకోవలసి వచ్చేది.

ఇది ఎవరికి బరువు? పెద్ద వ్యాపారికి ఆడిటరు, వకీలు ఉంటారు. టీడీఎస్ కోసి రెండు నెలలు ఆలస్యంగా జమచేసిన చిన్న కాంట్రాక్టరుకు నోటీసు చదివి చెప్పేవాడే దొరకడు. 2019 సెప్టెంబరులో ప్రత్యక్ష పన్నుల బోర్డు, 25 లక్షల లోపు టీడీఎస్ 60 రోజుల లోపు ఆలస్యమైతే మామూలుగా ప్రాసిక్యూషన్ వద్దని సర్క్యులర్ ఇచ్చింది. చట్టం పడుతున్న చోటు సరిగ్గా లేదని శాఖే ఒప్పుకున్నట్టు నేను దాన్ని చదువుతాను.

జీఎస్టీలో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పిడుగురాళ్ల నుంచి సున్నం లారీ బయల్దేరిందనుకుందాం. డ్రైవరు దగ్గర కాటా చీటీ, ఈ-వే బిల్లు ఉంటాయి. లారీ రెండు ట్రిప్పులు తిరిగి బిల్లు ఒక్కటే ఉంటే అది ఎగవేత. అసలు లారీయే కదలకుండా బిల్లు మాత్రం చేతులు మారితే అది ఖజానా నుంచి క్రెడిట్ కాజేయడం. 2023 సవరణ ఈ రెంటినీ విడదీసింది. మొదటి రకానికి ప్రాసిక్యూషన్ పరిమితిని కోటి నుంచి రెండు కోట్లకు పెంచింది. దొంగ బిల్లులకు కోటి దగ్గరే ఉంచి, డబ్బు కట్టి ప్రాసిక్యూషన్ తప్పించుకునే కాంపౌండింగ్ తలుపు మూసేసింది. ఈ విభజన సబబే.

మిగతా నేరాలకు ఆ తలుపు తెరిచే ఉంది. అదే సవరణ కాంపౌండింగ్ మొత్తాన్ని పన్నులో 50–150 శాతం నుంచి 25–100 శాతానికి దించింది. సుంకానికి భయపడి సరుకు తక్కువ చెప్పిన వర్తకుడి నుంచి ఎనిమిదింతలు రాబట్టవచ్చన్న కౌటిల్యుడు ఈ రేటు చూస్తే ఏమనేవాడో! అతని తూకం నేను కోరడం లేదు. కానీ జైలుకు ధర కట్టినప్పుడు ఆ ధర చెల్లించగలిగినవాడికి శిక్ష వ్యాపార ఖర్చుల్లో ఒక పద్దు అవుతుంది. 1981లో నల్లధనానికి బేరర్ బాండ్లు ఇచ్చిన చట్టాన్ని సుప్రీంకోర్టు నలుగురి మెజారిటీతో నిలబెట్టింది. ఒప్పుకోని ఒక్కరు జస్టిస్ ఎ.సి. గుప్తా. నిజాయతీగా కట్టినవాడి కన్నా ఎగ్గొట్టినవాడికే మేలు జరుగుతున్నదని ఆయన అభ్యంతరం.

పేరున్నవాళ్ల విషయం వేరు. నటుల ఇళ్లలో సోదాలు టీవీలో రోజంతా నడుస్తాయి. రెండేళ్ల తర్వాత కేసు ఏమైందో ఏ చానెలూ చెప్పదు. ఏ కోర్టూ వేయని శిక్ష ముందే పడుతుంది, వేయవలసింది వాయిదాల్లో కరిగిపోతుంది. జర్మనీలో బయెర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ క్లబ్ అప్పటి అధ్యక్షుడు ఉలి హోనెస్ తన ఎగవేతను తానే బయటపెట్టుకున్నాడు. అయినా ఆ వెల్లడి అసంపూర్ణమని 2014లో కోర్టు మూడున్నరేళ్ల శిక్ష వేసింది. అప్పీలు చేయకుండా జైలుకు వెళ్లాడు. పేరును బట్టి శిక్ష పెరగకూడదు, తరగకూడదు. తీర్పు మాత్రం సోదా అంత బాహాటంగా జరగాలి.

బందెలదొడ్లను నడిపిన 1871 నాటి చట్టం దొడ్డి కాపరికి ఒక పని అప్పగించింది: ఎన్ని పశువులు, ఎలాంటివి, ఏ రోజు ఏ గంటకు వచ్చాయి, తోలుకొచ్చింది ఎవరు, తెలిస్తే యజమాని ఎవరు, అన్నీ పుస్తకంలో ఎక్కించాలి. ఆ నకలు తోలుకొచ్చినవాడికి ఇవ్వాలి. ఈనాటి ఆదాయపు పన్ను కాంపౌండింగ్ ఉత్తర్వు అర్జీదారుకు అందుతుంది. ఊళ్లో ఎవరూ దాన్ని చూడరు.