దీపం ఆరితే రైలున్నట్టు

రవాణా కంట్రోల్ రూములో గోడంత తెర ఆరిపోతే ఆ సంగతి గదిలో అందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. బొమ్మ ఉన్నపళంగా నిలిచిపోతేనే ముప్పు. ఖాళీ రోడ్డు, పచ్చ గీతల మ్యాపు, అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడుతుంది. ఈలోగా అసలు రోడ్డు మీద బస్సు బోల్తా పడి ఉండవచ్చు. కెమెరా బొమ్మ మూలన సెకన్లతో సహా నడిచే చిన్న గడియారాన్ని చాలామంది పట్టించుకోరు కానీ, ఆ గోడ మొత్తం మీద నేను ముందుగా చూసేది దాన్నే. అది నడుస్తోందంటే బొమ్మ బతికుందని నమ్మకం. అక్కడ జరిగేదే ఇక్కడ కనబడుతోందా అన్న ఈ అనుమానం తెరలకన్నా, టీవీకన్నా, ఆ మాటకొస్తే కరెంటు బల్బుకన్నా పాతది.

దాన్ని మొదట తీర్చినవాళ్లు రైళ్ల ఇంజనీర్లు. అమెరికాలో విలియం రాబిన్సన్ 1870లో ఒక నమూనా చేశాడు. రైలు వచ్చినప్పుడే కరెంటు పారి, ట్రాక్ మీద బండి ఉందని చెప్పేది. పనిచేసింది కానీ అందులో పెద్ద గొయ్యి ఉంది. తీగ తెగితే కరెంటు పారదు, రైలు ఎదురుగా నిలబడి ఉన్నా దారి ఖాళీ అనే చూపిస్తుంది. రాబిన్సన్ ఏర్పాటును తిరగేశాడు. 1872లో పేటెంటు తీసుకున్న ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే, అంటే కరెంటుతో పైకి లేచే స్విచ్చు, పెట్టాడు. కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది, రిలే పైకి లేచే ఉంటుంది. రైలు రాగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్ని కలిపేస్తాయి, కరెంటు ఆ దగ్గరి దారి పడుతుంది, రిలే పడిపోతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా కూడా రిలే పడిపోయేదే. పరికరం పాడైనప్పుడు అది చెప్పే మాట ‘ఇక్కడ రైలుంది, రావద్దు’ అనే. రైలు లేకపోతే అది అబద్ధమే, కానీ ఎవరి ప్రాణమూ తీయని అబద్ధం.

ఆ రిలేకు దీపం తగిలిస్తే గోడ మీద పటం తయారవుతుంది. లండన్‌లో డిస్ట్రిక్ట్ రైల్వే 1905లో, ఇప్పుడు యాక్టన్ టౌన్ అని పిలుస్తున్న స్టేషన్‌లో అలాంటి వెలిగే పటాన్ని పెట్టింది. అదే ఏడు ఆ లైను ఆవిరి నుంచి కరెంటుకు మారుతోంది, బళ్లు వెంటవెంటనే నడవాలి, కిటికీలోంచి చూసి లెక్కపెట్టే కాలం దాటిపోయింది. లండన్ భూగర్భ రైళ్ల పటాల్లో పాటించిన పద్ధతి ప్రకారం దారి ఖాళీగా ఉంటే దీపం వెలుగుతుంది, రైలు వస్తే ఆరుతుంది. వెలుగుతున్న గీత వెంట చిన్న చీకటి కదులుతూ పోతుంటే అదే రైలు. బల్బు మాడినా రైలున్నట్టే లెక్క. అసలు ఈ ఏర్పాటంతా అందుకోసమే.

మన రైల్వేల్లో వేరే పద్ధతి వచ్చింది. స్టేషన్ మాస్టరు ముందుండే, చిన్న చిన్న పలకలు పేర్చి కట్టిన డామినో ప్యానెల్ మీద దారి కుదిరితే తెల్ల దీపాలు వెలుగుతాయి, బండి ఎక్కగానే అవే ఎర్రబడతాయి. యార్డులో కొత్త లైను పడితే ప్యానెల్ మొత్తం మార్చక్కర్లేదు, నాలుగు పలకలు తీసి నాలుగు పెడితే చాలు.

రోడ్డుకు మాత్రం ఈ ఉపాయాలేవీ పనికిరాలేదు. రైలు పట్టా దాటి పోలేదు. కారుకు ఆ కట్టుబాటు లేదు, ఆగిన కారు ఎందుకు ఆగిందో ఏ రిలే చెప్పలేదు. అందుకని రోడ్ల వాళ్లకు కళ్లు కావలసి వచ్చాయి. 1960ల మొదట్లో డెట్రాయిట్‌లో జాన్ లాడ్జ్ ఫ్రీవే వెంట మూడు మైళ్ల పొడవున 14 టీవీ కెమెరాలు పెట్టి, ఒక గదిలో కూర్చుని చూశారు. 1963లో టొరంటో సిగ్నళ్లను కంప్యూటరుకు అప్పగించింది. 1984 ఒలింపిక్స్ కోసం లాస్ ఏంజెలెస్ తన సిగ్నళ్లను ఒక కేంద్రానికి కలపడం మొదలుపెట్టింది.

పద్నాలుగు కెమెరాలకు పద్నాలుగు టీవీలు సరిపోతాయి. కెమెరాలు వందలైతే టీవీల బారు పనికిరాదు, గదిలో అందరూ ఒకే సమయంలో ఒకే బొమ్మ చూడాలంటే పెద్ద తెర కావాలి. పిక్చర్ ట్యూబుల్ని పేర్చి చూశారు. మధ్యలో మందపాటి అంచులు, మ్యాపును ముక్కలు చేసేవి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. సినిమా బొమ్మ కదులుతుంది, నగరం మ్యాపు కదలదు. రాత్రింబగళ్లు ఒకే గీతలు నిలబడితే ట్యూబు లోపలి పూత అక్కడే అరిగిపోయి, మ్యాపు తీసేసినా దాని నీడ మిగిలిపోయేది. లేని రోడ్డు తెర మీద ఉన్నట్టు కనబడటం కంట్రోల్ రూములో చిన్న విషయం కాదు.

దీనికి మందు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో దొరికింది. లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన రకం చిప్పుల మీద లక్షల అద్దాలుంటాయి, ఒక్కోటి కంటికి ఆననంత చిన్నది, సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలగలదు. దీపం వైపు వాలితే తెర మీద చుక్క వెలుగుతుంది, అవతలికి వాలితే నలుపు. అరిగిపోవడానికి అక్కడ పూతే లేదు. సినిమా హాళ్లను మార్చేసినందుకు హార్న్‌బెక్‌కు 2015లో ఆస్కార్ అకాడమీ పురస్కారం ఇచ్చింది, కానీ నాకు మాత్రం ఆ అద్దాల అసలు ఘనత ఏళ్ల తరబడి కదలని మ్యాపును మచ్చ పడకుండా మోయడంలోనే కనబడుతుంది. డీఎల్‌పీ క్యూబులంటే ఈ అద్దాల చిప్పులతో పనిచేసేవే. వెనకనుంచి బొమ్మ పడే పెట్టెలు, పక్కపక్కన పేరిస్తే సందు దాదాపు కనబడదు.

వాటికీ ఒక బలహీనత ఉంది, దీపం. ఏడాదికి 8,760 గంటలు, ఆ గోడ ఒక్క గంట కూడా ఆగదు. మొదటి తరం దీపాలు ఏడాది తిరగ్గానే మార్పుకు వచ్చేవి. ఒక పెట్టెలో కొత్త దీపం పెడితే అది తెల్లగా, పక్కది పసుపుగా, గోడంతా అతుకుల బొంతలా తేలేది. రంగులు సరిచేయడానికి మనుషులు గోడ వెనక ఇరుకు సందులో దూరి పనిచేసేవారు. తర్వాత దీపం స్థానంలో ఎల్ఈడీ వచ్చింది, ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది. చవకైన ఎల్‌సీడీ ప్యానెళ్లూ వచ్చాయి, వాటి అంచులు ఏటేటా సన్నబడ్డాయి. ఇప్పుడు అసలు పెట్టే లేకుండా గోడే ఎల్ఈడీ చుక్కలైంది.

ఇన్ని రకాలు చూసి మురిసి, ముందు గోడ కొని తర్వాత గది సర్దడం తలకిందుల పని అని నా గట్టి నమ్మకం. ముందు కుర్చీ ఎక్కడో తేల్చుకోవాలి. దూరంలో రెండు వందలో వంతు ఎత్తుంటేనే అక్షరం సుళువుగా చదవగలం, పది మీటర్ల దూరానికి అయిదు సెంటీమీటర్లు. ఈ లెక్క వేస్తే గోడ మీద ఎన్ని విషయాలు పడతాయో, ఎన్ని బల్ల మీది చిన్న తెరకు పోవాలో తేలిపోతుంది.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైనప్పుడు పాత అనుమానానికి కొత్త జవాబు వెంట వచ్చింది. ఉప్పల్ డిపోలోని ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్‌కు రైళ్లు తామెక్కడున్నామో రేడియో ద్వారా తామే చెబుతుంటాయి. ఏ రైలు నుంచైనా మాట ఆగిపోతే దాని దారి ఖాళీ అయిందని ఆ వ్యవస్థ అనుకోదు, ఉందనే భావించి వెనక బండిని ఆపుతుంది. రాబిన్సన్ రిలే పడిపోయినట్టే.

కెమెరా బొమ్మకు అంతటి భరోసా పుట్టుకతో రాలేదు. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో తెరిచిన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ లాంటి చోట్ల నగరమంతా కెమెరాల్లోంచే కనబడుతుంది. ఒకే ఫ్రేము కదలకుండా నిలిచిపోతే పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. అది పట్టుకున్న బొమ్మను అక్కడే ఉంచి మూలన గుర్తు పెట్టడం చాలదు, ఆ గడిని నల్లగా చేసేయాలి. గోడ కొనే టెండరులో ఆ షరతు తెర కొలతలకన్నా ముందు రాయాలి.

అది లేనిచోట అనుమానం వచ్చిన ఆపరేటర్ చేతిలో ఒక చిన్న ఉపాయం ఉంది. తిరిగే కెమెరా అయితే దాన్ని కాస్త పక్కకు తిప్పి చూడటం. గోడ మీది కూడలి బొమ్మ కూడా పక్కకు జరిగితే సరే. జరగకపోతే ఫోను తీసి, అక్కడ ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్‌ను అడగాల్సిందే, రోడ్డు ఎలా ఉందని.