రెండు సాంచెలా, మూడు సాంచెలా? బొంబాయి మిల్లుల్లో పని పంపకం

మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయి మాట వినని ఇల్లు అరుదు. "బొంబాయికి పోయిండు" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. 1995లో ఆ నగరం పేరు ముంబయిగా మారినా మన పెద్దలకది ఇంకా బొంబాయే. అక్కడ మనవాళ్లు పడ్డ కష్టం గురించి చాలాసార్లు చెప్పుకున్నాం. ఆ పనిని ఎవరు పంచారు, మనిషి మీద ఎంత బరువు పెట్టారు, తప్పు వస్తే ఎవరి కూలి కోశారు అన్నది అంతగా చెప్పుకోలేదు. ఈ ప్రసంగం దాని గురించి.

ముందుగా కామాటిపుర. పద్దెనిమిదో శతాబ్దం చివర, బొంబాయి దీవుల మధ్య కట్టలు కట్టి పల్లపు నేలను పూడ్చుకుంటూ వచ్చిన కాలంలో, నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కూలీలు అక్కడ నిలిచారు. కామాటీలు ఉన్న చోటు గనక కామాటిపుర. తరవాత ఆ పేరుకు అపకీర్తి అంటుకుంది గాని, అది పుట్టింది మట్టి తట్టల మోతలోంచి. అక్కడ పని పంచేవాడు మేస్త్రీ. ఎవరి చేతికి ఎంత పని ఆనుతుందో అతనికి కళ్లతో చూసిన లెక్క.

1854లో బొంబాయిలో మొదటి నూలు మిల్లుకు కంపెనీ ఏర్పడింది. మిల్లులు పెరిగాక మన ప్రాంతపు పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లకు చేరారు. ఒకే గదిలో పగటి పాళీవాడు లేచిపోతే రాత్రి పాళీవాడు వచ్చి పడుకునేవాడు. మిల్లులో వీళ్ల మీద ఉండే పెద్ద జాబరు. మనిషిని పనిలో పెట్టేది, పని నేర్పేది, సాంచె చెడితే బాగుచేసేది, అవసరానికి అప్పు ఇప్పించేది, నచ్చకపోతే తీసేసేది అన్నీ అతనే. సాంచె అంటే మరమగ్గమని సిరిసిల్ల శ్రోతలకు చెప్పనక్కరలేదు.

జాబరు లంచం తినేవాడు. అందులో సందేహం లేదు. 1931 నాటి రాయల్ లేబర్ కమిషన్ నివేదిక, పనిలో పెట్టే, తీసేసే అధికారం అతని చేతిలోంచి తీసి లేబరు ఆఫీసర్లకు ఇవ్వమని సిఫార్సు చేసింది. అయితే నా మాట ఒకటుంది. ఏ సాంచె మొరాయిస్తోందో, ఎవరు జ్వరంతో వచ్చారో, ఏ నూలు తెగుతోందో మేనేజరు గదిలో తెలియదు. అది తెలిసినవాడు జాబరే. అధికారం తీసేటప్పుడు ఆ తెలివిడిని ఎక్కడ పెట్టాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

1928లో జరిగింది చూడండి. సస్సూన్ మిల్లుల్లో సామర్థ్య పద్ధతి అని ఒకటి తెచ్చారు. నేతగాడు రెండు సాంచెలకు బదులు మూడు చూడాలి. వడికేవాడు ఒక వైపుకు బదులు రెండు వైపులా చూడాలి. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. నేతలో మాత్రం బరువు సాంచెల సంఖ్యలో ఉండదు, తెగే పోగులో ఉంటుంది. పోగు తెగితే సాంచె ఆపి ముడి వేయాలి. మంచి నూలు ఇస్తే మూడు సాంచెలు తేలిక. నాసి నూలు ఇస్తే రెండే మోయలేని బరువు. పైగా నేతగాడికి ముట్టేది నేసిన బట్టను బట్టి కూలి. ఆగిన సాంచెకు పైసా రాదు. ఆ ఏడు ఏప్రిల్ చివర మొదలైన సార్వత్రిక సమ్మె అక్టోబరు దాకా సాగింది. కూలి కోత, ఈ పనిబరువు దానికి ముఖ్య కారణాలు. ఫాసెట్ కమిటీ విచారణకు ఒప్పుకున్నాకే మిల్లులు తెరిచారు.

తనిఖీ సంగతి మరీ చిత్రం. బట్ట మడతల ఖాతాకు వెళ్లాక అక్కడ దోషాలు పట్టేవారు. చెడిన బట్టను నేతగాడికే అంటగట్టి ఖరీదు కూలిలోంచి కోసుకునేవారు. తప్పు నూలుదా, సాంచెదా, చేతిదా అని వెనక్కి వెళ్లి చూసేది తక్కువ. 1936 వేతనాల చెల్లింపు చట్టం వచ్చి జరిమానాను రూపాయికి అర్ధణా మించకూడదంది. నష్టం కింద కోత వేయాలంటే కార్మికుడి అశ్రద్ధే కారణం కావాలని, అతని సమాధానం వినాలని చెప్పింది. ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టింగ్ బృందాల్లో మన పిల్లలున్నారు. ప్రోగ్రాము రాయడం ఆలస్యమైతే ఆ రోజులు తమ గడువులోంచి కోస్తారని, పనిని తలకిన్ని అని లెక్కకడతారని వాళ్లు చెబుతుంటే నాకు ఈ మడతల ఖాతా గుర్తొస్తుంది.

ఇక బద్లీ. మన బదిలీ కాదు, రానివాడి చోట పనిచేసేవాడు. 1935లో మిల్లు యజమానుల సంఘం బద్లీలకు కార్డులిచ్చింది. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే ఖాళీలు వాళ్లతో నింపేవారు. జాబరు దయ కొంత తగ్గింది. పని దొరకని రోజు కూలి లేదు మరి. ఏళ్లు గడిచినా బద్లీగానే ఉండిపోయినవాళ్లు ఎందరో. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండు లక్షలకు పైగా కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, బద్లీలను పర్మనెంటు చేయాలన్నదీ ఒక కోరికే.

ఆ సమ్మె తరవాత చాలా మిల్లులు పూర్తిగా కోలుకోలేదు. మనవాళ్లు కొందరు భివండీ మరమగ్గాలకు పోయారు, కొందరు ఇంటికొచ్చారు. సిరిసిల్లలో సాంచె ఆగితే పిలిచే మనిషిని ఇప్పటికీ జాబరనే అంటారు. అతను వచ్చి ముందు నూలు చూస్తాడు, తరవాత సాంచె చూస్తాడు.