పెట్టె లేని ప్లేస్టేషన్

1999 జనవరి 5. శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యాక్‌వరల్డ్ ప్రదర్శన. హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద స్టీవ్ జాబ్స్. ఐమ్యాక్ అయిదు కొత్త రంగుల్లో వచ్చిందన్నాడు. చప్పట్లు. ఆ తర్వాత పెద్ద తెర మీద ఓ ప్లేస్టేషన్ ఆట కదిలింది. బొమ్మలు ఉరుకుతున్నాయి, సంగీతం మోగుతోంది, నొక్కిన మీటకల్లా ఆట పలుకుతోంది, కానీ వేదికంతా వెతికినా దాన్ని నడపాల్సిన బూడిదరంగు పెట్టె మాత్రం ఎక్కడా లేదు. ఉన్నది మ్యాక్ ఒక్కటే. అందులో 49 డాలర్ల సాఫ్ట్‌వేర్. పేరు వర్చువల్ గేమ్ స్టేషన్. హాలు హోరెత్తింది. ఆ హోరు ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ చెవిన పడింది.

ఆర్నెల్లు వెనక్కి వెళ్దాం. 1998 జూలై. కాలిఫోర్నియాలోని శాన్‌మాటియో. పేరుకి ఎండాకాలమే, సాయంత్రమయ్యేసరికి పసిఫిక్ మీంచి పొగమంచు పడమటి కొండలెక్కేస్తుంది. ఊళ్లో కనెక్టిక్స్ అని ఓ చిన్న కంపెనీ. మ్యాక్‌లో విండోస్ నడిపించే వర్చువల్ పీసీ వాళ్లదే. అక్కడి ఇంజినీర్లు ఓ ప్లేస్టేషన్ కొనుక్కొచ్చారు. మూత విప్పారు. ఆకుపచ్చ బోర్డు, దాని మీద వరసగా నల్ల చిప్పులు. వాళ్లకి కావాల్సింది ఒక్కటే. అందులో ఉన్నది 512 కిలోబైట్లు, ఇవాళ్టి ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కటి కూడా పట్టదు. కానీ స్విచ్ వేయగానే యంత్రాన్ని నిద్రలేపేది అదే. ఆటకి ఏ సాయం కావాలన్నా అడిగేది దాన్నే. బయాస్ అంటారు. సోనీ సొంత సొత్తు. దాన్ని చిప్పులోంచి లాగి తమ కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఈ పనే రేపు కోర్టుకెక్కుతుందని అప్పటికి వాళ్లకి తెలుసో లేదో.

పని మామూలుది కాదు. ప్లేస్టేషన్ ప్రాసెసర్‌ది ఒక భాష, మ్యాక్‌లో ఉన్న పవర్‌పీసీది ఇంకో భాష. డిస్కులోంచి వచ్చే ప్రతి ఆదేశాన్నీ మధ్యలో పట్టుకుని, క్షణం ఆలస్యం కాకుండా మార్చి చెప్పే దుబాసీ కావాలి. కాస్త ఆగాడో, ఆట నత్తనడక. ఒక్క మాట తప్పాడో, తెర కొయ్యబారిపోతుంది. ముందు సోనీ హార్డ్‌వేర్‌ని సాఫ్ట్‌వేర్‌తో పోతపోశారు. సోనీ బయాస్‌తోనే నడిపి, ఎక్కడ తడబడుతోందో చూసి సరిచేశారు. ఆ తర్వాత ఆ బయాస్‌ని పక్కనబెట్టి, అదే పని చేసే సొంత బయాస్ రాసుకున్నారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ పని సాగుతుండగానే, సెప్టెంబర్లో నేరుగా సోనీ మనుషుల్నే కలిశారు. సాంకేతిక సాయం చేయమని అడిగారు. ధైర్యమనండి, అమాయకత్వమనండి. సోనీ కుదరదంది. వీళ్లు ఆగలేదు.

జనవరి 27. మ్యాక్‌వరల్డ్ చప్పట్లకి మూడు వారాలు దాటిందో లేదో, కనెక్టిక్స్ మీద సోనీ దావా వేసింది. అమ్ముతున్న సరుకులో సోనీ రాసిన కోడ్ లేదు. ఆ సంగతి సోనీకీ తెలుసు. దాని వాదన వేరు. తయారు చేస్తున్నప్పుడు మా బయాస్‌ని కాపీ కొట్టారు, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ మళ్లీ కాపీ కొట్టినట్టే అంది. పైగా ఇందులో ఆట సరిగ్గా నడవకపోతే చెడ్డపేరు మాకంది. ఏప్రిల్‌లో జిల్లా కోర్టు సోనీ వైపు మొగ్గింది. తాత్కాలిక ఇంజంక్షన్. అమ్మకాలు బంద్.

కనెక్టిక్స్ అప్పీలుకెళ్లింది. సెప్టెంబర్లో వాదనలు ముగిశాయి. ఇక ఎదురుచూపులు. నెలలు గడుస్తున్నాయి, సరుకు కదలదు, ఇంకోపక్క ప్లేస్టేషన్ 2 వచ్చేస్తోందని ఊరూవాడా ఒకటే మోత, తీర్పొచ్చేలోపే పాత పెట్టెకి కాలం చెల్లిపోతే గెలిచి ఏం లాభం?

2000 ఫిబ్రవరి 10. తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు. తీర్పు రాసింది జడ్జి విలియం క్యాన్బీ. లోపల ఏముందో తెలుసుకోవడానికి కాపీ చేయక తప్పనప్పుడు అది న్యాయమైన వాడకమేనంది కోర్టు. ఎన్నిసార్లు కాపీ చేశారని లెక్కపెడుతూ కూర్చుంటే, దగ్గరి దారున్నా చుట్టుదారిన పొమ్మని ఇంజినీర్లకి చెప్పినట్టేనంది. చెడ్డపేరు వాదనా నిలవలేదు. ఇంజంక్షన్ రద్దు. అక్టోబర్లో సుప్రీంకోర్టు సోనీ అర్జీని ముట్టుకోనేలేదు. కనెక్టిక్స్ గెలిచింది. గెలిచిందనే అనుకున్నారంతా.

ఈ మధ్యలో, 2000 మార్చి 4న, జపాన్‌లో ప్లేస్టేషన్ 2 దిగింది. పాత డిస్కు పెడితే ఆడుతోంది. మాయేం లేదు, పాత ప్లేస్టేషన్ ప్రాసెసర్‌నే లోపల కూర్చోబెట్టారు. కొత్త ఆటలప్పుడు దానికి చిల్లర పనులు, పాత ఆట రాగానే మళ్లీ దొరతనం. పాత ఆటలు కొత్త పెట్టెలో ఆడటం సోనీకి చేదేం కాదన్నమాట. ఎవరి పెట్టెలో అన్నదే పేచీ.

2001 మార్చి. కోర్టులో ఓడిన సోనీ చెక్కుబుక్కు తీసింది. వర్చువల్ గేమ్ స్టేషన్‌ని కొనేసింది. జూన్ 30తో అమ్మకాలు ఆపేసింది. కనెక్టిక్స్ బాటలోనే నడిచిన బ్లీమ్ అనే ఇంకో చిన్న కంపెనీకి కోర్టులో ఊరట దొరికినా, లాయర్ల ఖర్చు కింద నలిగి అదే ఏడాది మూతబడింది. కొనుగోలుతో ఒకటి పోయింది, ఖర్చుతో ఇంకొకటి. తీర్పు మాత్రం పోలేదు. ఇలా ఒక యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ఎమ్యులేటర్లు రాసేవాళ్లు నేటికీ దాని మీదే కాళ్లూని నిలబడుతున్నారు.

2018 డిసెంబర్ 3న సోనీ ప్లేస్టేషన్ క్లాసిక్ అని అరచేతిలో పట్టే బుల్లి పెట్టె తెచ్చింది. అందులో 20 పాత ఆటలు. వాటిని నడిపింది పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఎమ్యులేటర్. అది సోనీ రాసింది కాదు. బయటివాళ్లు రాసి ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలేసింది.